గవ్వలలంకలో బాగుచేయుట నేరము

మధ్యాహ్నం కునుకు తీసి లేచిన డిప్యూటీ తహసీల్దారు కరుణాకరానికి, మంగతాయారు మెస్సు కప్పు మీద ఉండకూడని రేకు ఒకటి కనిపించింది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. రేకు అక్కడే ఉంది. తుఫాను నాడు ఎగిరిపోయి, పెరట్లో అరటిచెట్ల మధ్య పడి, అప్పట్నుంచీ అక్కడే ఉన్న రేకు ఇప్పుడు తన చోట తాను బుద్ధిగా కూర్చుంది. మూలలకు కొత్త మేకులు. నిన్నటిదాకా ఆ కంతలోంచి అతని విస్తట్లోకి దిగిన ఎండ ఇవాళ ఎక్కడా లేదు.

కరుణాకరం లేచి సరిగ్గా రేకు కిందికెళ్ళి నిలబడ్డాడు. సర్వీసులో అతను ఇసుక మాయమవడం చూశాడు, కంకర మాయమవడం చూశాడు, ఒకసారి ఏకంగా ఒక కాలవ మాయమవడం కూడా చూశాడు. పట్టపగలు ఒక నష్టం మాయమవడం మాత్రం ఇదే మొదటిసారి.

"తాయారుగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరు చేశారండీ ఈ పని?"

మంగతాయారు వంటింట్లోంచి వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని పైకి చూసింది. దీవికి ఆవిడ మెస్సే పెద్ద హోటలు. చీరమేను అనే చిట్టిచేపలతో ఆవిడ వేసే వడ కోసం జనం రెండు జిల్లాలు దాటి వస్తారు.

"నాకేం తెలుసండి. తుఫాను పీకినప్పుడూ నన్నడగలేదు, ఇప్పుడు పెట్టినోళ్ళూ అడగలేదు."

"సుత్తి చప్పుడైనా వినపడలేదా?"

"మీరు గురక పెడతా ఉంటే ఇంకో చప్పుడు ఎలా వినపడుద్దండి?"

కరుణాకరం ఆ మాట పట్టించుకోలేదు. జేబులోంచి ఫోను తీశాడు. పైకి చెప్పక తప్పదు. ఎందుకంటే ఆ దీవిలో అతని ఉద్యోగం పేరు నష్ట పరిరక్షణాధికారి.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉంది గవ్వలలంక. ఒకవైపు నది, ఒకవైపు సముద్రం, మధ్యలో కొబ్బరితోటలు, తెల్లటి ఇసుక. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఫొటోలకు వస్తారు, పెళ్ళయి చాలాకాలమైనవాళ్ళు వడలకు వస్తారు. కార్తీకమాసం వచ్చిందంటే వనభోజనాల పడవలు రేవులో ఒకదానికొకటి ఒరుసుకుంటూ నిలబడతాయి. ఆ ఒక్క నెల ఆదాయంతో దీవి ఏడాదంతా తింటుంది. ఈసారి కార్తీకానికి ముందే తుఫాను వచ్చింది. దానికి పేరు పెట్టేలోగానే అది తీరం దాటేసింది. ప్రాణాలకు ఏమీ కాలేదు గానీ కప్పులు లేచిపోయాయి, జెట్టీ పలకలు ఊడిపోయాయి, "గవ్వలలంక మీకు స్వాగతం పలుకుతోంది" అన్న బోర్డు తలకిందులుగా పడి చేపలకు స్వాగతం పలుకుతోంది.

తుఫాను వెళ్ళిన మర్నాడే జనం కత్తులూ తాళ్ళూ పట్టుకుని బయల్దేరారు. అక్కడే ప్రభుత్వం ఆపింది. ఆపడానికి కారణం లేకపోలేదు. అంతకుముందు తుఫానులో పక్క దీవివాళ్ళు ఆత్రం కొద్దీ వారంలో ఇళ్ళు నిలబెట్టుకున్నారు. తీరిగ్గా వచ్చిన పరిశీలక బృందం చుట్టూ చూసి, కొబ్బరినీళ్ళు తాగి, "ఇక్కడ తుఫాను వచ్చిన దాఖలాలు లేవు" అని రాసి వెళ్ళిపోయింది. సాయం రాలేదు సరికదా, రాని తుఫానును వచ్చిందని చెప్పినందుకు సంజాయిషీ అడిగారు.

అలాంటి పొరపాటు మళ్ళీ జరగకూడదని గవ్వలలంకకు ఒక ప్రత్యేకాధికారిని వేశారు. ఆయన పేరు త్రిలోచనరావు. దిగీ దిగగానే ఆయన ఒక ఉత్తర్వు వేయించి, మైకులో చదివించారు.

"నష్టము ప్రభుత్వ ఆస్తి. పరిశీలక బృందము వచ్చి చూచువరకు దీవియందు దేనినీ బాగుచేయరాదు. బాగుచేయుట, బాగుచేయువారికి తోడ్పడుట, అనుమతి లేకుండ తమంతట తాము బాగుపడుట నేరములు."

కరుణాకరం ఫోను చేసిన కాసేపటికి త్రిలోచనరావుగారు వచ్చారు. పొట్టిగా, నున్నగా, ఇస్త్రీ మడత చెదరని మనిషి. ఆయన "నేను" అన్న మాట వాడడం ఎవరూ వినలేదు.

"ఈ కార్యాలయం దిగ్భ్రాంతికి లోనైంది," అన్నారు రేకు వంక చూస్తూ.

"నేనూ లోనయ్యానండి."

"నష్టం జరిగిన స్థలంలో నష్టం లేకపోవడం అత్యంత తీవ్రమైన నష్టంగా పరిగణించడమైనది. తక్షణమే పూర్వస్థితి పునరుద్ధరించాలి."

"అంటే పాడుచేయాలాండి?"

"పాడుచేయడం కాదు. పూర్వస్థితి."

పడవ సరంగు సింహాద్రి, మరో ముగ్గురు కుర్రాళ్ళు పైకెక్కి మేకులు పీకారు. రేకును అరటిచెట్లలోకి విసిరారు. త్రిలోచనరావుగారు తల అడ్డంగా తిప్పారు. తుఫాను దాన్ని వెల్లకిలా పడేసింది, వీళ్ళు బోర్లా పడేశారు. మళ్ళీ పైకెక్కించి విసిరించారు. ఈసారి వెల్లకిలా పడింది గానీ పక్కింటి కోడిగూటి మీద పడింది. అది కొత్త నష్టం. అనుమతి లేని నష్టం.

"ఇంత సులువైన పని చేతకాదా?" అని అడిగారాయన.

సింహాద్రి కప్పు మీద నిలబడి చెమట తుడుచుకున్నాడు. "తుఫానుకైతే అలవాటండి. మాకిదే మొదలు."

చివరికి రేకును ఎలా పడితే అలా వదిలేసి, త్రిలోచనరావుగారు కరుణాకరాన్ని పక్కకు తీసుకెళ్ళారు.

"గురువారం బృందం వస్తోంది. ఈలోగా నేరస్థుణ్ణి హాజరుపరచాలి. పరచనిచో నష్టాన్ని కాపాడలేకపోయిన బాధ్యుడిగా మీ పేరు పంపబడుతుంది. సస్పెన్షను ఉత్తర్వు చిత్తుప్రతి సిద్ధంగా ఉన్నది. అందులో ఒక్క పేరు మాత్రమే ఖాళీ."

ఉద్యోగంలో చేరాక కరుణాకరం ఏ పనీ చేయనందుకు ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఎవరో పని చేసినందుకు అతని ఉద్యోగం పోయేట్టుంది.

మర్నాడు ఇద్దరూ తనిఖీకి బయల్దేరారు. రేవు పక్కన ఆడవాళ్ళు కత్తిపీటలు వేసుకుని కూర్చున్నారు.

"వారేం చేస్తున్నారు?" అన్నారు త్రిలోచనరావుగారు.

"చేపలు బాగుచేస్తున్నారండి," అన్నాడు కరుణాకరం. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"అంటే, పొలుసు తీసి, పొట్ట తీసి, కడిగి..."

"మీరు ముందన్న క్రియాపదం ఏమిటి?"

సాయంత్రానికి ఉత్తర్వుకు ఒక అనుబంధం వచ్చింది. దీవిలో చేపలు బాగుచేయరాదు. బియ్యం బాగుచేయరాదు. ఆకుకూరలు బాగుచేయుట విషయమై స్పష్టత కోరడమైనది. మంగతాయారు మెస్సులో ఆ రాత్రి అన్నంలో రాళ్ళు వచ్చాయి. కరుణాకరం వాటిని ప్రభుత్వ ఆస్తిగా భావించి విస్తరి అంచున జాగ్రత్తగా పేర్చాడు.

ఆ తరవాత ఆర్.ఎం.పి. డాక్టరు బుల్లబ్బాయి వంతు వచ్చింది. తుఫాను నీళ్ళకు ఊళ్ళో జ్వరాలు పట్టుకున్నాయి. బుల్లబ్బాయి వరండాలో బల్లల మీద ఆరుగురు మూలుగుతున్నారు.

"ఈ జ్వరాలు తుఫాను వల్ల వచ్చినవేనా?" అని అడిగారు త్రిలోచనరావుగారు.

"ఆయ్, దానివల్లేనండి. రెండ్రోజుల్లో బాగుచేసేత్తానండి."

త్రిలోచనరావుగారు కరుణాకరం వంక చూశారు. కరుణాకరం కళ్ళు మూసుకున్నాడు.

"తుఫాను వల్ల వచ్చిన జ్వరం తుఫాను నష్టమే. బృందం చూచువరకు తగ్గించరాదు."

"తగ్గించకపోతే మనిషి పోతాడండి బాబూ."

"పోయినచో అది అదనపు నష్టం. దానికి ఫారములో వేరే గడి ఉంది."

బల్లల మీద ఆరుగురూ ఒక్కసారి లేచి కూర్చున్నారు. బుల్లబ్బాయి చేతులు జోడించాడు. "అలాక్కాదుగానండీ, మజ్జేమార్గంగా సగం తగ్గిత్తాను. మిగతా సగం గురువారం దాకా ఉంచేత్తాను. పగలు నేను మాత్తరేత్తాను, తమరు వచ్చినప్పుడు ఆళ్ళు మూలుగుతారు." పేషెంట్లు మూలిగి చూపించారు. త్రిలోచనరావుగారికి నాలుగో బల్ల మీద మూలుగు నచ్చింది. దాన్ని నమూనాగా తీసుకోమన్నారు.

ఇక మాట మీద మాట వచ్చి పడింది. గవ్వలలంకలో ఎవరైనా ఎదురుపడితే ముందు అడిగేది "బాగున్నారా అండీ" అనే. ఆ ప్రశ్న నేరాన్ని ఒప్పించేదిగా ఉందని ఇంకో అనుబంధం వచ్చింది. అడిగినవాళ్ళ సంగతెలా ఉన్నా, "బాగున్నామండి" అన్నవాళ్ళు సంజాయిషీ ఇచ్చుకోవాలి. మూడ్రోజుల్లో దీవి మొత్తం అలవాటు మార్చుకుంది.

"బాగోలేరా అన్నయ్యగారూ?"

"అస్సలు బాగోలేదు తమ్ముడూ. మీ ఇంట్లో?"

"మా ఇంట్లో అందరం కులాసాగా బాగోలేమండి."

మంగతాయారు ఒక్కతే ఎదురు తిరిగింది. రాళ్ళన్నం తిని పన్ను విరగ్గొట్టుకున్న సింహాద్రిని చూసి ఒళ్ళు మండి, తుఫాను రక్షణ భవనం ముందుకెళ్ళి నిలబడింది. తుఫానుకు చెక్కు చెదరని ఆ భవనంలోనే ప్రత్యేకాధికారి బస.

"కార్తీకం వచ్చేత్తందండి. చీరమేను పట్టుమని పదిహేను రోజులుండదు. పట్నాల్నించి ఫోన్లు చేత్తన్నారు, వడలేత్తన్నావా తాయారూ అని. జెట్టీ లేదు, కప్పు లేదు, ఏమంటే నేరమంటారు. మా పొట్టలు కొట్టి మీరు జన్మలో బాగుపడరండి."

త్రిలోచనరావుగారు కళ్ళజోడు సర్దుకుని, ఆ మాటను లోపల ఒకసారి చదువుకున్నట్టున్నారు.

"ఉత్తర్వును సక్రమంగా అర్థం చేసుకున్న తొలి పౌరురాలు," అన్నారు. "ఈ కార్యాలయం అభినందిస్తోంది."

గురువారం బృందం వచ్చింది. తెల్లటి లాంచీలో, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న అధ్యక్షురాలు ముందు నిలబడి ఉంది. దీవి దీవంతా ఒడ్డున చేరింది. పేషెంట్లు మూలిగారు. రేకు అరటిచెట్లలో సిద్ధంగా ఉంది. లాంచీ జెట్టీ దాకా వచ్చి ఆగిపోయింది. జెట్టీకి స్తంభాలున్నాయి, అడ్డదూలాలున్నాయి, నడవడానికి పలకలు లేవు.

"ఎలా దిగాలి?" అని అధ్యక్షురాలు లాంచీలోంచి అడిగింది.

"ఇదే నష్టం మేడమ్," అన్నారు త్రిలోచనరావుగారు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి. "తమరు దిగి పరిశీలించవలసిందిగా ప్రార్థన."

"దెబ్బతిన్న జెట్టీ మీద దిగకూడదని మాకు రూలు. ముందు బాగుచేయించండి."

"తమరు పరిశీలించిన పిదపనే బాగుచేయవలెనని మాకు రూలు."

"పరిశీలించాలంటే దిగాలి కదా?"

"దిగాలంటే బాగుండాలి. బాగున్నచో పరిశీలించడానికేముంటుంది మేడమ్?"

ఇద్దరూ కాసేపు ఒకరి రూలును ఒకరు గౌరవంగా చూసుకున్నారు. సింహాద్రి తన చిన్న నావలో దింపుతానన్నాడు. చిన్న నావలకు వేరే రూలుంది. లాంచీ వెనక్కి తిరిగింది. పోతూ పోతూ ఒక అధికారి అరిచి చెప్పాడు: వచ్చే గురువారం మళ్ళీ వస్తారు. అప్పుడూ దిగలేకపోతే గవ్వలలంకలో చేరదగిన నష్టమేమీ లేదని రాసేస్తారు.

జనం గొణుక్కుంటూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. త్రిలోచనరావుగారు మాత్రం ప్యాంటు తడిసిన సంగతి మరిచి జెట్టీ వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. కరుణాకరానికి సస్పెన్షను ఇంకో వారం వాయిదా పడింది.

ఆ వారంలో దీవి మీద నేరాలు పెచ్చరిల్లాయి.

శుక్రవారం రేవులో చెక్క బల్ల కాళ్ళ మీద నిలబడింది. శనివారం స్వాగతం బోర్డు చేపల్ని వదిలి మనుషుల వైపు తిరిగింది. ఆదివారం చేతిపంపు కొట్టగానే నీళ్ళొచ్చాయి. కొట్టిన ముసలావిడ భయపడి నీళ్ళు తిరిగి అందులోనే పోయబోయింది. అన్నీ ఒకే తీరు. వేసిన మేకుల్లో సగం వంకర. ఆ పక్కనే తిన్నగా దిగిన ఇంకో మేకు.

కరుణాకరం అందర్నీ విచారించాడు. సింహాద్రిని నిలదీస్తే, "నేను కొడితే మేకు వంకరెందుకు పోద్దండి, పడవలు చేసినోణ్ణి," అని నొచ్చుకున్నాడు. బుల్లబ్బాయి తనకు మనుషులు తప్ప ఇంకేం బాగుచేయడం రాదనీ, అదీ సగమేననీ గుర్తుచేశాడు. ఊళ్ళో మాత్రం ఒక పుకారు లేచింది. దీవికి బాగుచేసే దయ్యం పట్టిందట. అది మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ ఒక కునుకు తీసే వేళలో తిరుగుతుందట.

దయ్యం అనగానే జనం భయపడాలి. గవ్వలలంక జనం ఇంట్లో విరిగినవన్నీ వీధి అరుగు మీదికి తెచ్చి పెట్టారు. కాలు విరిగిన కుర్చీలు, చిల్లుపడ్డ బిందెలు, తిరగని ఫ్యాను. పక్కన సుత్తి, గుప్పెడు మేకులు. దయ్యానికి ఆకలేస్తే తింటుందని రెండు వడలు. ఆనక లోపలికెళ్ళి తలుపేసుకుని, దుప్పటి ముసుగెట్టి కళ్ళు గట్టిగా మూసుకునేవాళ్ళు. పిల్లలు పొరపాటున కళ్ళు తెరిస్తే తల్లులు, "పడుకో, అది వచ్చే టైమయింది, చూశావంటే బాగుచెయ్యకుండా పోద్ది," అని జోకొట్టేవాళ్ళు.

సోమవారం సమీక్షా సమావేశంలో త్రిలోచనరావుగారు బల్ల గుద్దారు.

"ఈ అభివృద్ధిని ఈ కార్యాలయం తీవ్రంగా ఖండిస్తోంది. దీవి కళ్ళముందే బాగుపడుతుంటే నష్ట పరిరక్షణాధికారి ఏం చేస్తున్నట్టు?"

"పడుకుంటున్నానండి," అన్నాడు కరుణాకరం నిజాయితీగా. "అందరూ పడుకుంటున్నారు. అందుకే అది దొరకడం లేదు."

అన్నాక అతనికే తట్టింది. దొరకాలంటే పడుకోకూడదు. పదవీకాలంలో మొదటిసారి అతను మధ్యాహ్నం మేలుకోవాలని నిర్ణయించుకున్నాడు.

ఎక్కడ కాపు కాయాలో ఆలోచించనక్కర్లేకపోయింది. బుధవారం సాయంత్రం చూస్తే జెట్టీకి ఆ చివర రెండు మూడు తప్ప అన్ని పలకలూ పడి ఉన్నాయి. మిగతా వాటికి దయ్యం రాక తప్పదు. గురువారం మధ్యాహ్నం, లాంచీ రావడానికింకా టైముందనగా, కరుణాకరం జెట్టీ పక్క బోర్లించిన నావ కిందికి దూరాడు.

కింద కొలిమిలా ఉంది. చెమట కళ్ళలోకి కారుతోంది. మంగతాయారు పెట్టిన భోజనం కడుపులోంచి జోలపాడుతోంది. తొడ గిల్లుకుంటూ మెలకువగా ఉన్నాడు. అలా ఉండగా ఒక ఆలోచన వచ్చి అతన్ని సరిగ్గా పట్టుకుంది. ఆ దయ్యం దొరికితే తన ఉద్యోగం ఉంటుంది, జెట్టీ ఆగిపోతుంది. దొరక్కపోతే జెట్టీ పూర్తవుతుంది, కార్తీకం పడవలొస్తాయి, తను ఇంటికి పోతాడు. రెండిట్లో ఏది జరగాలని తను కోరుకుంటున్నాడో కరుణాకరానికి తెలియలేదు. అప్పుడే ఠక్కుమని చప్పుడైంది.

నావ అంచు కొద్దిగా ఎత్తి చూశాడు. గళ్ళ లుంగీ, తలకు తువ్వాలు. ఎవరో పలక మీద వంగి మేకు కొడుతున్నారు. ఒక దెబ్బ మేకు మీద, ఒక దెబ్బ పలక మీద. మూడోది వేలి మీద. ఆ మనిషి వేలు నోట్లో పెట్టుకుని కాసేపు గంతులేశాడు. మళ్ళీ వంగి మేకుతో మాట్లాడాడు.

"సత్వరమే దిగవలసిందిగా నిన్ను ఆదేశించడమైనది."

ఆ మనిషి ఇంకో నాలుగు మేకులు పళ్ళ మధ్య పెట్టుకునేసరికి కరుణాకరం నావ కింది నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరి ఒంటినిండా ఇసుక, ఒకరి నోట్లో నాలుగు మేకులు.

"అయ్యా," అన్నాడు కరుణాకరం చివరికి. "ఇప్పుడు నేను మిమ్మల్ని పట్టుకున్నట్టా అండి, మీరు నన్ను పట్టుకున్నట్టా?"

త్రిలోచనరావుగారు మేకులు చేతిలోకి ఉమ్మారు. "పరిశీలనలో ఉంది," అన్నారు.

లాంచీ హారను మోగింది.

అది అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది. హారనుకు దీవి మొత్తం దుప్పట్లు తీసి పరిగెత్తుకొచ్చింది. అందరికన్నా ముందు మంగతాయారు, చేతిలో గరిటెతో. లాంచీ వెనక ఇంకో పడవ కూడా వస్తోంది. దాన్నిండా పట్నం జనం, గిన్నెలు, చాపలు, ఒక హార్మోనియం. జెట్టీ బాగయిందన్న వార్త వాళ్ళకు ఎవరు చెప్పారో ఏమో.

అధ్యక్షురాలు లాంచీ అంచున నిలబడి, కాలు చాచి, పలక మీద పెట్టింది. పలక నిలిచింది. రెండో కాలు పెట్టింది. అదీ నిలిచింది.

"జెట్టీ ఎవరు బాగుచేశారు?" అని అడిగింది.

త్రిలోచనరావుగారు సుత్తిని మెల్లగా వెనక్కి దాచుకున్నారు. తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"మేడమ్, ఇది నిబంధనలకు విరుద్ధంగా జరిగిన చర్య. దీనికి బాధ్యుడైన అధికారి గుర్తించబడినాడు." ఆయన కుడిచెయ్యి నెమ్మదిగా లేచి కరుణాకరం వైపు తిరిగింది. "నష్ట పరిరక్షణాధికారి. పేరు కరుణాకరం."

సస్పెన్షను ఉత్తర్వులో ఖాళీగా ఉన్న ఒక్క గడీ నిండిపోయింది. కరుణాకరం నోరు తెరిచాడు. ఈయనేనండి అని చెప్పాలి. ఇంతమందిలో, లుంగీలో నిలబడ్డ పై అధికారిని చూపించి, ఈయనేనండి అని. చెబితే ఎవరు నమ్ముతారు? మంగతాయారు అతని మొహం చూసి, ఏదో అర్థమై, గరిటె పైకెత్తింది.

అధ్యక్షురాలు కరుణాకరం దగ్గరికొచ్చి కళ్ళద్దాలు తీసింది.

"మీరేనా?" అంది. "నా సర్వీసులో ఎన్నో తుఫానులు చూశాను. ఎక్కడికెళ్ళినా చేతులు కట్టుకుని నిలబడి మూలిగేవాళ్ళే. నా కోసం ఒక్క పలక కొట్టినవాణ్ణి ఇదే చూడడం. రూలు సంగతి నేను చూసుకుంటాను. మీ పేరు ప్రత్యేకంగా రాస్తాను కరుణాకరంగారూ. పని చాలా బాగా చేశారు."

జనం చప్పట్లు కొట్టారు. పడవలోని హార్మోనియం కూడా ఏదో అంది. కరుణాకరం అయోమయంగా చేతులు జోడించబోయాడు.

అతని వెనక నుంచి సుత్తి పలక మీద పడిన చప్పుడు వినిపించింది.

"ఒక్క నిమిషం మేడమ్," అన్నారు త్రిలోచనరావుగారు. "ఈ కార్యాలయం ఒక సవరణ సమర్పించుకుంటోంది. సదరు కరుణాకరం ఈ పని చేయలేదు. ఆయన నావ కింద ఉన్నారు. సదరు మేకులు ఈ కార్యాలయం చేత కొట్టబడినవి. రేకు, బల్ల, బోర్డు, పంపు, ఇరవై కుర్చీలు, ఒక ఫ్యాను, ఇవన్నియు... ఇవన్నీ నేనే చేశానండి. నేనే. నేను ఇంజినీరింగు చదివానండి. చదివాక ఈ ఉద్యోగం వచ్చింది. అప్పట్నించి ఒక్క మేకు కొట్టలేదు. ఆ రోజు మెస్సుకి భోజనానికెళితే కరుణాకరంగారు నిద్రపోతున్నారు, ఎండ సరిగ్గా ఆయన మొహాన పడతంది. రేకు అరటిచెట్లలో కనపడతంది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఎక్కి కొట్టేశాను. మేకు తిన్నగా దిగినప్పుడు చేతికి ఒకటి తెలుద్దండి, అదేంటో చెప్పలేను. ఇన్నేళ్ళూ తగు చర్య నిమిత్తం అని రాసి పంపిన కాగితాలు ఎక్కడ దిగాయో, అసలు దిగాయో లేదో నాకు ఇవాల్టికీ తెలీదు. ఈ మేకులు మాత్రం ఎక్కడెక్కడ దిగాయో ఒక్కొక్కటీ చూపిస్తాను, రండి. నన్ను సస్పెండు చేస్తే చేసుకోండి, ఆ ఉత్తర్వులో ఖాళీ ఉంది, నా పేరు నేనే రాసిస్తాను. కానీ ఆ పని ఈయన చేశాడని మాత్రం రాయకండి మేడమ్, నాకు కడుపు మండిపోద్ది. ఇంకోటి. మీరు నిలబడ్డారే, దాని పక్క పలకకి ఇంకా మేకులెయ్యలేదు. కాస్త ఇటు జరిగారంటే, అదొక్కటీ కొట్టేసి వస్తాను."